ఒక మీటరు తక్కువ

మొన్న ట్యూబు మార్పించుకుందామని సైకిల్ షాపుకి వెళ్తే, నాకంటే ముందే ఒక పెద్దాయన వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన నల్ల సైకిలుకి వెనక ఉన్న 18 పళ్ల ఫ్రీవీల్ తీసేసి 22 పళ్లది వెయ్యమంటున్నారు. మెకానిక్ కుర్రాడికి అంతు పట్టలేదు. "అందరూ స్పీడు పెంచమంటారు. మీరు తగ్గించమంటున్నారేంటండీ మాస్టారూ?" అన్నాడు. "మారేడుమిల్లి వెళ్తున్నానయ్యా. దిగి నెట్టకుండా తొక్కుతూనే ఎక్కాలని ఉంది," అన్నారాయన.

నేను ఆసక్తిగా వింటున్నానని గమనించి నాకూ లెక్క చెప్పారు. చక్రం చుట్టుకొలత రెండుంబావు మీటర్లు. ముందు చైన్‌వీల్‌కి 44 పళ్లు, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి బండి అయిదున్నర మీటర్లు వెళ్తుంది. వెనక 22 వేస్తే నాలుగున్నరే. ఆ ఒక్క మీటరు వదులుకుంటే మోకాళ్ల మీద పడే బరువు దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. చైనుకి రెండు లింకులు కలపాల్సి వస్తుందని కూడా ఆయనే గుర్తు చేశారు. అరవై దాటిన మనిషి కొండ కోసం ఇంత శ్రద్ధగా లెక్క కట్టుకోవడం చూసి మనసు నిండిపోయింది. వారమంతా ఆ మీటరు చుట్టూనే తిరిగాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పక్షపాతం తెలుసు. సైకిలు మీద ఊళ్లు తిరగాలనుకునేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఏటిగట్టు, కాలువగట్టు. హైవే మీద తెల్లగీత పక్కన బిక్కుబిక్కుమంటూ తొక్కడం ప్రయాణమే కాదని చాలాసార్లు రాశాను. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరితే చాలు, అక్కణ్ణుంచి కాలువే దారి చూపిస్తుంది. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇళ్ల ముందు ఆగొచ్చు. లొల్ల లాకుల దగ్గర ప్రధాన కాలువ చీలే చోట కాసేపు కూర్చోవచ్చు. పక్కకి తిరిగితే ర్యాలి. ముందు కేశవుడు, వెనక జగన్మోహిని ఒకే శిలలో ఉన్న ఆ గుడి చూడకుండా ముందుకి వెళ్లకూడదు. ఇంకో పక్క గౌతమి ఒడ్డున వాడపల్లి వెంకన్న.

ఈ దారికి ఎక్కుడు దిగుడు లేకపోవడానికి కారణం పడవలు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికి, దాన్ని కట్టించిన కాటన్ దొర మనసులో నీటి పారుదల ఎంత ఉందో పడవల రవాణా కూడా అంతే ఉంది. ఈ దేశానికి రైళ్లకంటే పడవలు నడిచే కాలువలే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. పడవ ఎదురెక్కాలంటే నీటికి ఉరవడి ఉండకూడదు. అందుకే కాలువని మెల్లగా వాలనిచ్చి, మిగిలిన దిగుడంతా లాకుల దగ్గర పెట్టారు. ధాన్యం పడవల కోసం వేసిన ఆ వాలు ఇవాళ సైకిలు తొక్కేవాడికి కలిసొచ్చింది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే దిగువకి వెళ్లి, సాయంత్రం గాలి వీపుకి తగులుతుండగా తిరిగి రావాలి. మా మామయ్య నాకు నేర్పిన మొదటి సూత్రం ఇదే.

మామయ్య మలేరియా శాఖలో పనిచేసేవాడు. కోనసీమలో ఉన్నన్నాళ్లూ సైకిలు మీదే ఊరూరూ తిరిగాడు. వేసవి సెలవుల్లో నన్ను ముందు కడ్డీ మీద, కొంచెం పెద్దయ్యాక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ దారులన్నింటిలో ఆయనకి ఇష్టమైనది గన్నవరం కాలువ. వైనతేయ పాయ మీదుగా కాలువని అవతలి ఒడ్డుకి దాటించిన అక్విడెక్టు ముందు బండి ఆపి, ఏటి మీద ఏరు పారడమంటే ఇదేరా అని చూపించేవాడు. 1850ల నాటి ఆ కమానుల పక్కనే 2000లో కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నాకు తెలిసినంతలో ఒక కట్టడానికి ఇంత తగిన పేరు ఇంకోటి లేదు.

సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పోయారు. ఆవిడ కాపురం ఉన్న లంకల గన్నవరం ఏరు దాటే దారిలో ఉండేది. రేవులో దిగినవాడు ఆకలితో ఉంటాడు. వేళ కాని వేళ తలుపు తట్టినా, ఏ కులమని అడగకుండా, లేచి వండి పెట్టేవారట. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో కావాలని తెల్లదొరలు అడిగారన్న సంగతి మన పిల్లలందరికీ తెలుసు. మామయ్య దాని గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. "అప్పట్లో అందరూ నడిచో పడవెక్కో వచ్చేవారు కాబట్టి ఏ ఊళ్లో ఎవరు అన్నం పెడతారో దేశానికంతా తెలిసేదిరా అబ్బాయ్," అనేవాడు. దారినపోయేవాడు గుమ్మం ముందు ఆగేంత నెమ్మదిగా వెళ్తేనే సీతమ్మగారి లాంటి మనిషికి వాడి ఆకలి కనిపిస్తుంది. ఇవాళ కారు అద్దాల వెనక కూర్చుని సీతమ్మగారి అక్విడెక్టుని అరనిమిషంలో దాటేస్తున్నవాళ్లకి ఇది చెప్పడం నాకు ఇష్టమైన పని. అందుకే ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు.

అయితే ఇవాళ రాయాల్సింది ఆ తర్వాతి కథ. మామయ్యకి రంపచోడవరం బదిలీ అయింది. ఆ వేసవిలో నేనూ వెళ్లాను. అక్కణ్ణుంచి మారేడుమిల్లి వైపు వెళ్తుంటే దారి కొండల్లోకి దూరుతుంది. కాసేపు తొక్కడం, కాసేపు దిగి నెట్టడం. నేనైతే మామయ్య పక్కన నడుస్తూనే ఉన్నాను. సంతకి వెళ్తున్న కొండరెడ్ల ఆడవాళ్లు నెత్తి మీద చింతపండు తట్టలతో మాకు సమానంగా నడిచారు. వాళ్లూ మేమూ ఒకే నడక మీద ఉండడం వల్ల మాటలు కలిశాయి. ఎవరింట్లో జ్వరమో, ఏ వాగు ఎండిపోయిందో, జీలుగు కల్లు ఏ నెలలో బాగుంటుందో అన్నీ చెప్పారు. కొండ చీపుళ్ల గడ్డి ఏదో, విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ ఏదో చేత్తో పట్టుకుని చూపించారు. ఆ మలుపులు ఇప్పటికీ ఒక్కొక్కటీ చెప్పగలను.

మరి గన్నవరం కాలువ? పైరగాలి వీపుకి తగిలిన సాయంత్రాల్లో మామయ్య బండి పరుగెత్తేది. ఊళ్లు వెనక్కి పోయేవి. ఇంటికి చేరాక అమ్మమ్మ ఏం చూశావురా అంటే కాలువ అని చెప్పేవాణ్ణి. గట్టు మీద ఆగొచ్చు, కానీ ఆగాల్సిన అవసరం కలగదు. చదునైన దారి మనిషిని తెలియకుండానే తోసుకుపోతుంది. కొండ అలా పోనివ్వదు. ఎంత బలమున్నవాడైనా ఎక్కుడులో నడిచేవాడి పక్కకి రావాల్సిందే.

ఫ్రాన్సులో సాంతెతియెన్ అనే ఊళ్లో పాల్ ద వివీ అని ఒకాయన ఉండేవాడు. వెలోసియో పేరుతో రాసేవాడు. 1853లో పుట్టాడు, 1887లో సైకిలు మీద ఒక పత్రిక పెట్టాడు. వాళ్ల ఊరి పక్కనే వెయ్యి మీటర్లు దాటిన కనుమ ఉంది. దాని మీదికి మామూలు మనిషి కూడా తొక్కుతూ ఎక్కగలగాలన్న పట్టుదలతో గేర్లు మార్చే పద్ధతులన్నీ ప్రయత్నించి, జీవితమంతా వాటి తరఫున వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పెట్టిన హెన్రీ డెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకి, కండబలంతో గెలవడమే గొప్ప అన్నాడు. ఆ పందెంలోకి డిరైలర్ గేర్లని రానిచ్చింది 1937లో. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్లయింది. సైకిలు యాత్రికులకి ఆయన రాసిన నియమాల్లో ఆకలి వెయ్యకముందే తినమనీ, దాహం వెయ్యకముందే తాగమనీ, గొప్ప కోసం ఎప్పుడూ తొక్కొద్దనీ ఉన్నాయి. ఇవాళ షాపుల్లో గేర్లని వేగం పేరుతో అమ్ముతున్నారు. మొదట వాటికోసం పోరాడిన మనిషికి కావలసింది, కండబలం లేనివాడు కూడా కొండ మీదికి తీరిగ్గా వెళ్లడం. చిన్న గేరు నెమ్మదిగా వెళ్లేవాళ్ల హక్కు. ఫ్రీవీల్‌కి నాలుగు పళ్లు పెంచుకున్నా ఆ హక్కు దొరుకుతుంది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. వానలు వెనకబట్టాక, చలికాలంలో బయల్దేరండి. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. దాన్ని రెండు రోజులకి పంచుకోండి. మారేడుమిల్లి దాటాక అసలైన ఘాట్ మొదలై చింతూరు వైపు దిగుతుంది. నల్ల సైకిళ్ల రాడ్ బ్రేకులు తడిసిన రిమ్ము మీద సరిగా పట్టవు. మంచు పడిన పొద్దున అలాంటి బండి మీద దిగకండి, దిగుడులో కూడా పక్కన నడవండి. ప్రతి మలుపులో బెల్లు కొట్టండి. చీకటి పడ్డాక ఘాట్ మీద ఉండొద్దు. చింతూరులో శబరి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఏటి దిగువకి వెళ్తే కూనవరంలో అది గోదావరిలో కలుస్తుంది. రెండు రంగుల నీళ్లు పక్కపక్కన సాగే ఆ చోటికి కొండ దిగి వచ్చినవాడికి తొందర ఉండదు. చుట్టూ ఎవరు ఏం చేస్తున్నారో చూడడం అప్పటికే అలవాటై ఉంటుంది.

ఆ అలవాటు లేకుండా గట్టెక్కితే కోనసీమ అంతా ఒక పచ్చని చారలాగా జారిపోతుంది. అలవాటుతో వస్తే ర్యాలి శిల్పం వెనక్కి వెళ్లి కూడా చూస్తాం, లాకుల దగ్గర తలుపులెత్తే మనిషితో మాట్లాడతాం, గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు ఎటు అని అడుగుతాం. ముందు గట్టు, కాళ్లు గట్టిపడ్డాక కొండ అని ఇన్నాళ్లూ ఇదే చోట సలహా ఇచ్చాను. ఈ వారం నుంచి వరస మార్చి చెబుతున్నాను. వెనక పెద్ద ఫ్రీవీల్ వేయించుకుని ముందు కొండకి వెళ్లండి, కోనసీమని రెండో ఏటికి ఉంచుకోండి.