ఉపాధ్యాయుల శిక్షణము – విచారణశక్తి

విచారణశక్తిని పెంపొందింపని విద్య విద్య కాదని సభలయందు చెప్పనివారు నేడు లేరు. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము విమర్శనాత్మకమైన యాలోచనను బాలబాలికలయందు పెంపొందింపవలెనని పలుతావుల చెప్పినది. ప్రతి యుపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటల వృత్తిశిక్షణమును పొందవలెననియు సూచించినది. ఉద్దేశము శ్లాఘ్యమే. కాని యా గంటలు ఎట్లు గడచుచున్నవో విచారింపకున్న, విచారణశక్తిని గూర్చి మాటలాడుటకు మనకు అర్హత యుండదు.

నేను సంస్కృతమును, ఇంగ్లీషును చదువుకొని చిరకాలముగా పాఠశాలలో పని చేయుచున్నవాడను. ఇట్టి శిక్షణతరగతి కొకదానికి నేనును పోయితిని. ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు వక్త తెరమీది యక్షరములను చదివి వినిపించెను, మేము వ్రాసికొంటిమి. పిల్లలచేత ప్రశ్నలు వేయింపవలెననుట నాటి పాఠము. ఒక యుపాధ్యాయిని లేచి, "60 మంది పిల్లలున్న తరగతిలో ఇది ఎలా కుదురుతుందండీ?" అని యడిగెను. "సమయం లేదమ్మా, ముందు విషయం పూర్తి కానివ్వండి" అని యామెను కూర్చుండబెట్టిరి. తుదకు మాకొక పరీక్ష పెట్టిరి: విమర్శనాత్మకమైన యాలోచనకు గల అయిదు లక్షణములను వ్రాయుడని. కంఠస్థము చేసినవారికి పూర్తి మార్కులు వచ్చినవి. ప్రశ్నింపుమను పాఠమును ప్రశ్నింపకయే నేర్చుకొని యిండ్లకు మరలితిమి.

పరులను నిందించి నేను తప్పించుకొనరాదు. నా తరగతిలో నొకనాడు అనుమానప్రమాణమును బోధించుచు, తార్కికులు వాడుకగా చెప్పు నుదాహరణమునే చెప్పితిని. పొగ యున్నచోట నిప్పుండును. కొండమీద పొగ కనబడుచున్నది. కావున కొండమీద నిప్పున్నది. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచినది. "మాస్టారూ, చలికాలంలో పొద్దున్నే మా ఊరి కొండమీద మంచు కూడా పొగలాగే కనిపిస్తుంది కదండీ. అది పొగే అని ముందు ఎలా తెలుసుకోవాలి?" తరగతి నవ్వినది. నాకు కోపము వచ్చినది. "పుస్తకంలో ఉన్నది నేర్చుకో అమ్మా, కూర్చో" అంటిని. ఆమె కూర్చున్నది. ఆ సంవత్సరమంతయు మరల లేవలేదు.

నాటి రాత్రి నా మనస్సు నిలువక తర్కగ్రంథమును తెరచితిని. పొగయో మంచో తేలని హేతువు దేనిని సాధింపజాలదని పూర్వులే చెప్పియున్నారు. దానికి సందిగ్ధాసిద్ధమని పేరును పెట్టినారు. ఆ పేరును నేను యౌవనమున వల్లించినవాడనే! గ్రంథము చదువని పిల్ల కొండను చూచి కనిపెట్టిన దోషమును, గ్రంథము చదివిన గురువు గుర్తింపలేకపోయెను. ఇంతకంటె నా చదువునకు కఠినమైన విమర్శ వేరొకటి లేదు.

ఇట్లేల జరిగెను? విచారణను నేర్పు శాస్త్రమును సైతము నేను వల్లెవేయుటకే నేర్చుకొంటిని. 17వ శతాబ్దమున అన్నంభట్టు తర్కసంగ్రహమును ప్రారంభదశలోని విద్యార్థుల కొరకు రచించెను. న్యాయశాస్త్రము లెక్కించిన పదునారు పదార్థములలో సంశయము మూడవది. అనగా సందేహము పాపము కాదు, జ్ఞానమునకు మెట్టు. 1910లో అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ, మనము ఆలోచించు తీరును గూర్చి వ్రాసిన గ్రంథమున, చిక్కు తోచినప్పుడే నిజమైన యాలోచన మొదలగునని ప్రతిపాదించెను. తూర్పు పడమరలు రెండును ఒకే మాట చెప్పుచుండగా మన తరగతిగది మాత్రము సందేహమును అవిధేయతగా నెంచుచున్నది.

దీనికి పెద్దలు రెండాక్షేపణలు చేయుదురు. తెలియని పిల్లలు విమర్శింపబూనిన వితండవాదమే మిగులునని మొదటిది. ఇందు సత్యము లేకపోలేదు. విషయజ్ఞానము లేని విమర్శ గాలిమేడ వంటిది. ఆ బాలికయు మంచును, పొగను ఎరిగినది కనుకనే అడుగగలిగెను. కాని సత్యము కొరకైన వాదము వేరు, గెలుపు కొరకైన జల్పము వేరు, తన పక్షము నిలుపక పరులను ఖండించుటకే పూనిన వితండ వేరు. ఈ భేదమును పిల్లలకు నేర్పవలసినవాడే యుపాధ్యాయుడు; నోరు మూయించుటవలన వాదమును వితండయు రెండును నశించును. క్రమశిక్షణ చెడునని రెండవ యాక్షేపణ. భయమువలన కలుగు నిశ్శబ్దమును క్రమశిక్షణ యనుట, నిదురించువానిని ధ్యానపరుడనుట వంటిది.

మరి శిక్షణ మెట్లుండవలెను? ఈతను గూర్చి ఉపన్యాసము విన్నవానికి ఈత రాదు. 1974లో మేరీ బడ్ రో యను అమెరికా పరిశోధకురాలు ప్రకటించిన సంగతి యొకటి గమనింపదగినది. ప్రశ్న వేసిన పిమ్మట ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకనుకంటె నెక్కువ వేచియుండుట లేదు. మూడు సెకనులు వేచియున్నచో పిల్లల జవాబులు దీర్ఘమైనవి. జవాబు చెప్పువారు పెరిగిరి. కారణములతో చెప్పుట హెచ్చినది. మూడు సెకనుల మౌనమునకు ధనవ్యయము లేదు, యంత్రము లేదు. కాని యభ్యాసము కావలెను. జపానులో ఉపాధ్యాయులు కలసి యొక పాఠమును సిద్ధపరచుకొందురు. ఒకరు బోధింపగా తక్కినవారు వెనుక నిలిచి పిల్లలను గమనింతురు. పిమ్మట అందరును చర్చింతురు. మన 50 గంటలలో సగమైన నిట్లు నిజమైన తరగతిలో గడువవలెను. ఏ ప్రశ్న వేసితిమి, ఎంతసేపు వేచితిమి, ఎవరిని కూర్చుండబెట్టితిమి, మనకు తెలియనిది వచ్చినప్పుడు తెలియదని యొప్పుకొంటిమా యని పరస్పరము విచారించుకొనవలెను. శిక్షకుడును తన్ను ప్రశ్నింపనీయవలెను. పరీక్షాపత్రము జ్ఞాపకశక్తినే కోరుచున్నంతకాలము ఈ శ్రమ సగము వ్యర్థమని కూడ చెప్పక తప్పదు.

చదువరులారా, దోషమంతయు పాఠశాలదే యనుకొనవలదు. పెద్దలకు ఎదురు చెప్పరాదని మన యిండ్లలో పిల్లలు మాటలు నేర్చిననాటినుండి వినుచున్నారు. ఆడపిల్లలు మరింత వినుచున్నారు. ఎదురు చెప్పుట వేరు, కారణ మడుగుట వేరు. మీ బిడ్డ బడినుండి రాగానే మార్కు లెన్ని యని యడుగుటతోపాటు, నేడు నీవు ఏమడిగితివని కూడ అడుగుడు. ఏమియు అడుగలేదని చెప్పినచో, మీ బిడ్డను కాక మావంటివారిని సందేహింపుడు.

ఆ బాలికకు మరునాడు నేను క్షమాపణ చెప్పవలసియుండెను. గౌరవము పోవునేమో యని చెప్పలేదు. అట్లు నిలుపుకొన్నది గౌరవము కాదని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది. తనకు పొరపాటు కలిగెనని తరగతిలో నిలిచి చెప్పగల ధైర్యము ఉపాధ్యాయునకు కలిగించు శిక్షణమే శిక్షణము. తక్కినదంతయు కొండమీది మంచు.