గడప దాటుటకు ముందు: తెలుగు కథలలో గృహహింస, రక్షణోపాయము

తెలుగు విమర్శలో గడప దాటిన స్త్రీకి లభించిన ప్రశస్తి, దాటుటకు ముందు ఆమె చేసికొన్న ఏర్పాట్లకు లభింపలేదు. నవలను గాని కథను గాని పరిశీలించునపుడు మనము సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: ఆమె ఇల్లు విడిచినదా, లేదా? విడిచినచో అభ్యుదయము, విడువనిచో రాజీ. ఈ కొలమానము విమర్శకునకు సులభమైనది. కాని ఇంటిలో దెబ్బలు తినుచున్న స్త్రీ విషయమున ఇది చాలదు. ఆమె మనసులోని ప్రశ్నలు వేరు. ఏ వేళ పోవలెను, ఎవరి ఇంటికి పోవలెను, బిడ్డను ఎట్లు తీసికొనిపోవలెను, చేతిలో ఎంత పైకమున్నది, కాగితములెక్కడ నున్నవి, అతడు వెంబడించినచో ఎవరు తలుపు తీయుదురు? ఈ ప్రశ్నలకు మన కథాసాహిత్యము ఏమి సమాధానము చెప్పినదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఇది కేవలము సాహిత్యచర్చ కాదని మొదటనే చెప్పుట మంచిది. జాక్విలిన్ క్యాంబెల్ మొదలగు పరిశోధకులు అమెరికాలోని 11 నగరములలో జరిపి 2003లో ప్రకటించిన పరిశోధనలో, పెత్తనము చెలాయించు భర్తనుండి స్త్రీ విడిపోవుట ఆమె ప్రాణాపాయమును పెంచు కారణములలో నొకటిగా తేలినది. మనము కథలో విముక్తిఘట్టముగా కొనియాడు క్షణమే జీవితమున అపాయకరమైన క్షణము కావచ్చును. అందుచేతనే స్త్రీలకు అండగా నిలుచు సంస్థలు "వెళ్లిపొమ్ము" అని తొందరపెట్టక, ముందుగా ఉపాయమును ఆలోచింపజేయును. గొడవ ముదిరినపుడు కత్తి, నిప్పు ఉండు వంటగదిలో నుండక వెలుపలి ద్వారమున్న గదికి జరుగుట, ఇరుగుపొరుగువారితో ఒక సంకేతమును అనుకొనుట, ధ్రువపత్రములు, బ్యాంకు పుస్తకము, కొంత పైకము నమ్మకస్థుల ఇంట దాచుట, కొట్లాటలో అడ్డుపడక ఎవరి ఇంటికి పరుగెత్తవలెనో బిడ్డలకు నేర్పుట – ఇట్టివి ఆ ఉపాయమున ఉండును. ఈ జాబితాను చేతబట్టుకొని మన కథలను మరల చదివినచో కొన్ని చోట్ల ఆశ్చర్యము కలుగును.

గృహత్యాగమునకు లోకమంతయు ఉదాహరణగా చెప్పు 'బొమ్మరిల్లు' నాటకమునే ముందు చూతము. ఇబ్సెన్ 1879లో రచించిన ఈ నాటకమున నోరా వెళ్లుచు మూసిన తలుపు చప్పుడు ఎల్లరకు జ్ఞాపకమే. మన విమర్శకులు ఆ చప్పుడును ఎన్నోమారులు వినిపించినారు. ఆ చప్పుడుకు ముందు నోరా చేసిన పనులు మాత్రము ఎవరికిని జ్ఞాపకము లేవు. ఆమె నృత్యవేషమును విడిచి మామూలు దుస్తులు ధరించినది. ఆ రాత్రి తన స్నేహితురాలు క్రిస్టీన్ ఇంట తలదాచుకొందునని చెప్పినది. తాను పుట్టింటినుండి తెచ్చుకొన్న వస్తువులను మరునాడు ఆ క్రిస్టీనే వచ్చి సర్దునని చెప్పినది. తాళపుచెవులను అప్పగించినది. తోర్వాల్డ్ ఆమెను కొట్టిన భర్త కాడు. ఐనను ఆమె నిష్క్రమణమున ఒక రాత్రి బస యున్నది, ఒక మనిషి సాయమున్నది, స్త్రీధనమేదో, పరధనమేదో అన్న లెక్క యున్నది. నాటకకర్త ఎరిగిన ఈ సంగతులను వ్యాఖ్యాతలు విడిచిపెట్టినారు.

ఇక గురజాడ 'దిద్దుబాటు' (1910). దీనిని మన తరగతులలో ఎన్ని సంవత్సరములుగా బోధించుచున్నామో లెక్కలేదు. మెదక్ పట్టణమున పట్టభద్రతరగతుల విద్యార్థులు వ్రాసిన సమాధానపత్రములను చాలకాలముగా దిద్దుచున్నాను. కమలిని యుక్తిచేత భర్తను దిద్దుకొన్నదని అందరును వ్రాయుదురు. రాముని సంగతి వ్రాసినవారు అరుదు. గోపాలరావు అర్ధరాత్రి సానిపాట విని ఇంటికి వచ్చును. భార్య గదిలో కనబడదు. కోపముతో నౌకరు రాముని వీపుపై గట్టిగా గుద్దును. వాడు కూలబడును. వెంటనే కథకుడు గోపాలరావు దయగలవాడని చెప్పును. అతడు పశ్చాత్తాపపడి రాముని లేవనెత్తును.

ఈ ఘట్టమును మనము హాస్యముగా చదివి పోవుదుము. కాని ఆ గుద్దు ఎవరికై వచ్చినదో ఆలోచింపవలెను. ఆ వేళ గదిలో దొరకవలసినది కమలిని, దొరికినవాడు రాముడు. లెనోర్ వాకర్ అను మనస్తత్త్వవేత్త 1979లో గృహహింసను గూర్చి వ్రాసిన గ్రంథమున, హింస ఒక చక్రమువలె తిరుగునని, కొట్టిన పిమ్మట పశ్చాత్తాపము, బుజ్జగింపు అందులో భాగములే యని వివరించినది. ఆ గ్రంథమునకు దాదాపు 70 సంవత్సరములకు ముందే గురజాడ ఆ చక్రమును కొన్ని వాక్యములలో చూపినాడు. ఇక కమలిని ఎక్కడ నున్నది? మంచము క్రింద. పుట్టింటికి పోవుచున్నానని ఉత్తరము వ్రాసి బల్లపై పెట్టినది. తాను ఇల్లు దాటలేదు. భర్త కోపము ఎట్టిదో, అది ఎంతసేపు ఉండునో, ఎప్పుడు చల్లారునో ఆమె దాగియుండి కనిపెట్టినది. చల్లారిన పిదపనే నవ్వినది. ఈ కథను సంస్కారకథగా మాత్రమే చూచువారికి మంచము ఒక నాటకసామగ్రి. ఇప్పుడు చూచుచున్న దృష్టితో అది కమలినికి రక్షణస్థలము. గురజాడ ఉద్దేశము ఇదేనా యని అడిగినచో, కాదనియే నా అభిప్రాయము. కాని కథకుని ఉద్దేశముకంటె కథ ఎరిగినది ఎక్కువ. ఆ గుద్దు లేకున్నచో కమలిని దాగుట చిలిపితనము; ఆ గుద్దు ఉన్నందుచేత అది వివేకము. ఐతే ఆ వివేకమునకు వెల చెల్లించినవాడు రాముడన్న మాటను కూడ మరువరాదు.

'కన్యాశుల్కము'ను (1892లో తొలి ప్రదర్శన, 1909లో నేటి రూపము) ఈ కోణమున చూచినచో, నాటకకథ యంతయు ఒక బాలికను కాపాడు ఉపాయముగానే నడచును. భర్త మొండితనమును ఎదిరింపలేక వెంకమ్మ నూతిలో దూకును. ఆ ఇంటిలో ఆమె మాటకు విలువ కలిగించు సాధనము మరియొకటి లేదు. ఆమె సోదరుడు కరటకశాస్త్రి, శిష్యునకు ఆడవేషము వేసి లుబ్ధావధానులకు అంటగట్టు పన్నాగమును పన్నును. ఉపాయము ఫలించినది. కాని అది నాటకములాడువాని ఉపాయము. మగవాని చేతిలోని ఉపాయము. వెంకమ్మ చేతిలో మిగిలినది నుయ్యి. మన గ్రామములలో ఈ నుయ్యి రంగసాధనము కాదని మెదక్ ప్రాంతపు పాఠకులకు చెప్పనక్కరలేదు.

నుయ్యి తరువాత పొయ్యి. 1980లలో కిరోసిన్ స్టవ్వు 'ప్రమాదములు' వార్తాపత్రికలలో నిత్యకృత్యమైనవి. విమల 'వంటిల్లు' కవిత ఆ దశాబ్దపు స్త్రీల ఉద్యమవాతావరణమున వచ్చినది. దానిని శ్రమదోపిడిని గూర్చిన కవితగా మనము బోధించుచున్నాము, అది సరియే. ఇంటిలో మిక్కిలి అపాయకరమైన గది ఏదన్న ప్రశ్నతో కూడ దానిని చదువవచ్చునని మాత్రము ఇక్కడ సూచించుచున్నాను.

పుట్టింటి సంగతి మరింత చిక్కైనది. ఇల్లు విడిచిన తెలుగు కథానాయికకు మొదటి గమ్యము పుట్టిల్లు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో హింస లేదు, దెబ్బ లేదు. ఇల్లు అలుకుచు అలుకుచు ఒక గృహిణి తన పేరును మరచిపోవును. పేరు కొరకు పుట్టింటికి పోయి తన సర్టిఫికెట్లను వెదకును. అవి వెంటనే దొరకవు. పేరును చెప్పినది చిన్ననాటి స్నేహితురాలు. కాగితము ఎక్కడ నున్నదో తెలియని స్త్రీ, తన పేరునే నిరూపించుకొనలేని స్త్రీ, ఠాణాలో గాని కచ్చేరిలో గాని ఏమని చెప్పుకొనగలదు? రచయిత్రి దీనిని అస్తిత్వప్రశ్నగా వ్రాసినది. నాకు అది ఇనుపపెట్టెలోని కాగితముల ప్రశ్నగా కూడ తోచుచున్నది. రెండును ఒకటే కావచ్చును. రంగనాయకమ్మ 'జానకి విముక్తి'లో జానకికి అన్న సత్యము అండగా నున్నాడు. ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో అరుణకు తన సంపాదన యున్నది. అన్నయు లేక సంపాదనయు లేని స్త్రీని గూర్చి మన నవల ఎక్కువగా మాట్లాడలేదు.

ఆ స్త్రీని గూర్చి మాట్లాడినది పాట. తెలంగాణమున బతుకమ్మ పండుగకు ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చుట ఆచారము. దీనిలోని వేడుకను వర్ణించినవారు చాలమంది. ఏడాదికొకసారి తల్లి కూతురికి తలంటి పోయునపుడు ఆ వంటిమీద ఏమున్నదో కన్నులార చూచునన్న సంగతిని వర్ణించినవారు లేరు. ఆచారములోనే ఒక తనిఖీ ఇమిడియున్నది. ఐనను జానపదులు పుట్టింటిని గ్రుడ్డిగా నమ్మలేదు. బతుకమ్మ పుట్టుకను గూర్చిన కథలలో నొకదానియందు ఏడుగురు అన్నలకు ఒక చెల్లెలు. అన్నలు వేటకు పోగా వదినెల బాధ పడలేక ఆమె ఇల్లు విడిచినది. పూలరూపమున తప్ప అన్నలకు ఆమె తిరిగి దొరకలేదు. కాచువారు ఊరిలో లేని దినములే అపాయపు దినములని ఆ కథ ఎరుగును.

ఐతే ఈ విషయమున నాకు అన్నిటికంటె లోతైనదిగా కనబడినది మన గ్రామములలో బైండ్లవారు పాడు ఎల్లమ్మ కథ. పురాణమున రేణుక వృత్తాంతము క్లుప్తమైనది: జమదగ్ని అనుమానించెను, ఆజ్ఞాపించెను, పరశురాముడు తల్లిని నరికెను, వరముచే ఆమె మరల బ్రతికెను. ఆజ్ఞకును గొడ్డలి దెబ్బకును నడుమ రేణుక ఏమి చేసినదో పురాణము చెప్పదు. జానపదకథ చెప్పును. ఆమె పరుగెత్తినది. ఆశ్రమములకు పోలేదు, పుట్టింటికి పోలేదు. మాదిగవాడకు పోయినది. కొన్ని పాఠములలో తోళ్లు ఊనవేయు లందలో దాగినది. మరికొన్నింటిలో ఆ వాడలోని స్త్రీ ఆమెను కౌగిలించుకొని అడ్డుపడగా ఇద్దరి తలలును తెగినవి. తిరిగి బ్రతికించునపుడు తలలు తారుమారైనవి.

ఈ కథను దేవతల సమ్మేళనముగా, కులసంబంధముల సంకేతముగా వ్యాఖ్యానించుట వాడుక. ఆ వ్యాఖ్యానములను నేను కాదనను. కాని వాటిలో ఒక స్త్రీ భర్త ఆజ్ఞచే కన్నకొడుకు గొడ్డలికి వెరచి పారిపోవుచున్నదన్న మొదటి సంగతి మరుగున పడును. ఆమె ఎంచుకొన్న చోటును చూడుడు. వెంబడించువాడు బ్రాహ్మణుడు. అంటరాదని వాడు తలచు చోటే ఆమెకు కోట. దుర్గంధము గల లందయే ఆమెకు తలుపు. అవమానించుటకు ఊరు కట్టిన గోడను ఆమె రక్షణకు వాడుకొన్నది. ఇంతటి ఆశ్రయవివేకము మన ఆధునిక కథలో నాకు కనబడలేదు. ఆశ్రయమిచ్చిన స్త్రీ తలను కోల్పోవుట కూడ కథ దాచలేదు. రామునివలె ఈమెయు దెబ్బను పంచుకొన్నది. భేదమేమనగా, ఈమెకు గ్రామములు గుడి కట్టి మ్రొక్కినవి, రామునకు మన పాఠ్యపుస్తకములలో ఒక ప్రశ్నయైనను దక్కలేదు.

కథ చదివి ఉపాయము పన్నిన స్త్రీలు కూడ ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సాక్షరతాతరగతులకు వచ్చిన స్త్రీలు వాచకములోని 'సీతమ్మ కథ'ను చదివి, త్రాగివచ్చి కొట్టు మగవారి సమస్యకు ఊరిలో సారా దుకాణమును మూయించుటయే మార్గమని నిశ్చయించినారు. ఆ ఉద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకు దారితీసినది. ఒక్కొక్క ఇంటి హింసకు ఊరంతయు కలిసి రక్షణోపాయమును ఆలోచించిన సందర్భమిది. ఆ పాఠమున శిల్పమున్నదా యని అడుగువారికి నా సమాధానము చిన్నది: దానిని చదివినవారు కథలోని సీతమ్మను తమ వాడలో గుర్తుపట్టినారు.

ఇది సమాజశాస్త్రమే కాని సాహిత్యవిమర్శ కాదని కొందరు మిత్రులు ఆక్షేపింపవచ్చును. కాని గృహత్యాగమును ఉత్తమలక్షణముగా నిర్ణయించినది కూడ సాహిత్యేతరమైన ఆదర్శమే కదా. పైగా ఆ ఆదర్శమునకు నేడు చట్టముకూడ పూర్తిగా తోడు రాదు. 1983లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 498-ఏ నిబంధన శిక్షను గూర్చినది. 2024 జులై 1నుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహిత 85, 86 విభాగములు వచ్చినవి. 2005లో చేసి 2006 అక్టోబరు 26నుండి అమలుపరచిన గృహహింస చట్టము త్రోవ వేరు. ఆ ఇల్లు ఆమె పేర లేకున్నను అందులో నివసించు హక్కు ఆమెకున్నదని అది చెప్పుచున్నది. కొట్టినవానినే ఇంటినుండి తొలగింపుమని న్యాయాధికారి ఆజ్ఞాపింపవచ్చును. ఫిర్యాదు వ్రాసికొనుటకు రక్షణాధికారి యున్నాడు. 181 సంఖ్యకు ఫోను చేయవచ్చును. తలదాచుకొనుటకును సలహాకును సఖి కేంద్రములున్నవి. ఇంటిలో నిలిచి తలుపునకు లోపల గడియ పెట్టుకొన్న స్త్రీ కథను ఇక 'రాజీ' యని కొట్టివేయుటకు వీలులేదు.

పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని యొకటి యున్నది. మెదక్, సిద్దిపేట, సంగారెడ్డి జిల్లాలలో ఎల్లమ్మ కథను పాడువారినుండి పాఠాంతరములను సేకరించునపుడు, ఆమె ఏ ఇంట దాగినది, ఎవరు తలుపు తీసినారు, ఎవరు తీయలేదు, దాగినచోటును ఎవరు బయటపెట్టినారు అన్న నాలుగు సంగతులను ప్రత్యేకముగా వ్రాసికొనవలెను. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయములపై చేసిన కృషి మనకు త్రోవ చూపినది; ఈ ప్రశ్నలతో ఆ త్రోవన మరల నడువవలసియున్నది. స్త్రీల పాటలను సేకరించువారికి మరియొక సూచన. ఇంటిలో, అత్తగారో భర్తయో ఎదుట కూర్చుండగా అడిగినచో పాట సగములో ఆగును. చెరువుగట్టున, నాట్లవేళ, వారికి వీలైన చోట అడుగవలెను. పాట మధ్య గాయని తన సంగతి చెప్పినచో యంత్రమును ఆపివేయవలెను. ఆమె పేరును, ఊరును సిద్ధాంతవ్యాసమునకు ఎక్కింపరాదు.