మంటలేని ఎరుపు

నైరూప్య చిత్రం అనగానే మనలో చాలామందికి గ్యాలరీ గోడే గుర్తొస్తుంది. ఇవాళ అది ఎక్కువగా కనబడేది కాఫీ కప్పు మీద, దిండు గలీబు మీద, చేతిసంచీ మీద. ఒక ఫొటో తీసుకుని అంచులు కరిగించి, రంగుల్ని రెండు మూడుకి కుదించి, పక్కపక్కనే తిప్పి అతికిస్తూ పోతే ఎన్ని గజాలకైనా చాలే డిజైన్ తయారవుతుంది. అలాంటి సంచీ ఒకటి మా రెంటచింతలకీ వచ్చింది, ఒక స్నేహితురాలి భుజాన. నిండా ఎరుపు, అక్కడక్కడా నీలం, పసుపు చుక్కలు. బాగుంది, ఆ మాట ముందే చెప్పాలి. మిరప కల్లాన్ని పైనుంచి తీసిన ఫొటో అట. అప్పుడు మళ్ళీ చూశాను. ఆ చుక్కలు చీరలు.

పట్టాల మీద ఆరబోసిన కాయల మధ్య కూర్చుని తాలు ఏరే ఆడవాళ్ళు వాళ్ళు. ముక్కుకి కొంగు చుట్టుకున్నా దగ్గు ఆగదు. ఆ చేతులతో ఇంటికెళ్ళి పసిపిల్లని ఎత్తుకోవాలంటే భయం. ఎండ సంగతి సరేసరి, వేసవి వార్తల్లో మా ఊరి పేరు వినబడేదే అందుకు. ఫొటోలో ముందు దగ్గు పోయింది. డిజైన్‌లో ముఖం, చేతులు, చివరికి నీడ కూడా పోయాయి.

తప్పు నైరూప్యతది కాదు. ముగ్గు కూడా నైరూప్యమే. తామరపువ్వులో ఏది ఉంచాలో, ఏది వదిలెయ్యాలో ముగ్గువేసే మనిషే నిర్ణయించుకుంటుంది. ఇక్కడ వదిలెయ్యబడింది ఆమే.

1964లో ఆండీ వార్హోల్ గీసిన ప్రఖ్యాత 'ఫ్లవర్స్'కి మూలం ప్యాట్రీషియా కాల్‌ఫీల్డ్ అనే ఆవిడ తీసిన మందారపూల ఫొటో. 1966లో ఆవిడ కోర్టుకెళితే వ్యవహారం రాజీతో ముగిసింది. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ని తీసిన ఫొటోనీ వార్హోల్ అలాగే వాడుకున్నాడు. ఆ బొమ్మని ఆయన ఫౌండేషన్ 2016లో ఒక పత్రికకి ఇవ్వడం న్యాయమైన వాడకం కాదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది. ఇద్దరు స్త్రీల పోరాటం, సంతోషమే. కానీ ఇద్దరూ కెమెరా వెనక ఉన్నవాళ్ళు. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ ఫొటోకి కర్త దాన్ని తీసిన మనిషే. కల్లంలో కూర్చున్న మనిషికి ఆ చట్టంలో చోటు లేదు. ముఖం కరిగిపోయాక ఇక అనుమతి అడగడానికి కూడా ఎవరూ మిగలరు.

ముఖం దాచడం గౌరవమే కదా అనొచ్చు. నిజమే, అలసిన ముఖాన్ని కప్పు మీద అచ్చేస్తే నాకు ఇంకా కోపం వచ్చేది. అయితే గౌరవం అడగడంతో మొదలవ్వాలి, చెరపడంతో కాదు. ఇందులో మన వాటా కూడా ఉంది. మన కథాసంపుటాల అట్టల మీద ముఖంలేని ఆడబొమ్మలు ఎన్ని! వాటిని చూసి 'రంగుల లయ' అని సమీక్షలు రాసేదీ మనమే.

ఇంకో సంగతి. ఈ రకం సంచీల మీద అచ్చు ముందు కాగితం మీద పడి, 200 డిగ్రీలకి దగ్గరి వేడిలో ఆవిరై పాలియెస్టర్‌లోకి దిగుతుంది. నూలుకి సరిగా అంటదు. కల్లంలో ఆడవాళ్ళు కట్టేవీ ఎక్కువగా పాలియెస్టర్ అచ్చు చీరలే. అంటే ఈ సరుకు కొనేవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకీ అభిరుచులున్నాయి. నీలం చీర కట్టుకున్న ఒకామెని అడిగాను. మాచర్లలో మూడు కొట్లు తిరిగి, పూలు పెద్దవిగా ఉన్నాయని అదే తీసుకుందట.