గరుకు కూడా ఒక భాషే

మన పిల్లల్లో ఎవరైనా కుంచె పట్టగానే ఊరి నుంచి పట్నం దాకా అందరూ అవే బొమ్మలు అడుగుతారు. థింసా ఆడే ఆడవాళ్లను వేయమంటారు. కొమ్ముల తలపాగా కట్టి డోలు కొట్టే కోయ మగవాళ్లను వేయమంటారు. అద్దాల బట్టలతో బిందె మోసే లంబాడీ పిల్లను వేయమంటారు. ఆ బొమ్మలు వేయడం తప్పు కాదు. మన చేతుల్లోంచి అవి తప్ప ఇంకేదీ రాకూడదనుకోవడం తప్పు. చూసి మనిషనో చెట్టనో చెప్పలేని బొమ్మను నైరూప్య చిత్రం అంటారు. అది నగరంలో చదువుకున్న చిత్రకారుల సొత్తుగా చలామణీ అవుతోంది. మనకేమో గిరిజన కళ అనే ఒక అర కేటాయించారు. ఈ పంపకం న్యాయమైనది కాదని, నిజమైనది కూడా కాదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

నైరూప్య చిత్రంలో రంగూ గీతా ఎంత ముఖ్యమో గరుకూ అంతే ముఖ్యం. చిత్రకారులు దాన్ని టెక్స్చర్ అంటారు. రంగును మందంగా మెత్తడం, అందులో ఇసుకో రాతిపొడో కలపడం, ఆరాక గీకడం, గీకినచోట మళ్లీ పూయడం, ఇవన్నీ అందులోని పద్ధతులు. అలాంటి కాన్వాసు ముందు నిలబడితే చూడటంతో సరిపోదు, తాకాలనిపిస్తుంది. స్పెయిన్‌లోని బార్సిలోనాకు చెందిన ఆంటోని తాపియెస్ 1950లలో రంగులో పాలరాతి పొడి, ఇసుక కలిపి గోడల్లాంటి కాన్వాసులు చేశాడు. అంతర్యుద్ధం నాటి ఊరి గోడల మీది గాట్లు అతని చిన్ననాటి జ్ఞాపకం. అతని మాతృభాష కాటలాన్‌లో ఆ ఇంటిపేరుకు గోడలు అనే అర్థం ఉంది.

గోడ సంగతి మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఎర్రమట్టి, పేడ, గడ్డి కలిపి తొక్కి, ఆ ముద్దను తడికకు మెత్తి, పండగ ముందు మళ్లీ అలికే పని మన ఆడవాళ్లది. అలికిన నేల మీద వంపులు వరసగా మిగులుతాయి. ఆ అమ్మ చేయి ఎంత దూరం అందితే ఒక్కో వంపు అంతే ఉంటుంది. అంటే ఆ నేల మీద ఆమె ఒంటి కొలత ఉంది. తండాల్లో పేట్యా, కాంచళి మీద చేసే కుట్టుపని చూడండి. నలుపలకలు, ముక్కోణాలు, అద్దాలు, గవ్వలు, ఉబ్బెత్తు దారం. తడిమితే చేతికి తెలిసే పని అది. అందులో ఏ వస్తువు బొమ్మ ఉందని అడిగితే జవాబు లేదు. నైరూప్యం అని మనం పేరు పెట్టుకోలేదు గానీ, అది మనింట్లో ఎప్పటి నుంచో ఉంది.

ఇప్పుడు టెక్స్చర్ అనే మాట రోజూ వినబడే చోటు ఒకటుంది. హైదరాబాదుకు పడమర, గండిపేట చెరువుకు దగ్గర్లో ఉన్న కోకాపేట. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అక్కడ లేచే టవర్లలో లప్పం పట్టి, సాండ్‌పేపర్ కొట్టి, టెక్స్చర్ పెయింట్ వేసే వాళ్లలో మన గూడేల నుంచి, తండాల నుంచి వెళ్లిన పిల్లలూ ఉన్నారు. డబ్బా మీద ముద్రించిన నమూనా చూసి, రోలరుతోనో తాపీతోనో గోడను మట్టిగోడలా గరుకుగా చేస్తారు. గూడెంలో మట్టిగోడ ఉంటే అది పేదరికం. ముప్పయ్యో అంతస్తులో మట్టిగోడలాంటిది ఉంటే అది అభిరుచి. అదే హాల్లో సోఫా వెనక ఒక టెక్స్చర్ కాన్వాసు వేలాడితే దాని మూలన సంతకం ఉంటుంది. దాని వెనక గోడను గరుకు చేసిన చేతికి రోజు కూలి ముట్టింది, అంతే.

ఆ గోడను మేము కళ అనడం లేదు. దాని గరుకుకు కారణం లేదు. డబ్బాలో ఉన్నది గోడ మీదికొచ్చింది. ఆ టవరు పునాది కోసం పగలగొట్టిన గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. దాని గరుకు ఎండా వానా గాలీ చేసింది. అలికిన నేల గరుకు ఒక చేయి చేసింది. గరుకు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే నైరూప్య చిత్రానికి మొదటి పరీక్ష అని మా అభిప్రాయం. కోకాపేట హాల్లోని ఖరీదైన కాన్వాసు కూడా ఆ పరీక్షలో తప్పవచ్చు.

ఈ పరీక్షకు నిలబడిన తెలుగువాడు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాడు. తర్వాత లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నాడు. 1950లలో పారిస్‌లో హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణశాలలో ఆయనకు తన దారి దొరికింది. అంతకుముందు లోహపు రేకు మీద చెక్కి బొమ్మ అచ్చు వేసేవాళ్లు సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రేకు వాడేవారు. కృష్ణారెడ్డి, ఆయన సహచరులు ఒకే రేకు మీద అన్ని రంగులూ పలికించారు. రేకును ఎత్తుపల్లాలుగా లోతుగా చెక్కాలి. గట్టి రోలరు మిట్టలకే రంగు అంటిస్తుంది. మెత్తని రోలరు పల్లాల్లోకి దిగుతుంది. రంగుల్లో నూనె పాలు మారిస్తే ఒకటి ఇంకొకదాన్ని తోసేస్తుంది, లేదా కలుపుకుంటుంది. ఇక్కడ గరుకు అలంకారం కాదు. ఏ రంగు ఎక్కడ నిలవాలో నిర్ణయించేది ఆ ఎత్తుపల్లాలే. మిట్ట పొలంలో ఏది నిలుస్తుందో, పల్లంలో ఏది పారుతుందో తెలిసిన మనవాళ్లకు ఈ విద్య అర్థం కావడానికి పారిస్ వెళ్లనక్కరలేదు.

1963 నాటి ఆయన ‘సుడిగుండం’లో నీటి బొమ్మ లేదు, నీటి లాగుడు ఉంది. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడ్డప్పుడు చేసిన ‘ప్రదర్శనకారులు’లో మనుషులు నిలువు రూపాలుగా మారి వెలుగులోంచి ముందుకొస్తారు. చిత్తూరు పల్లె వేషం ఈ రెండింటిలోనూ కనబడదు. దాన్ని లోపమనే వాళ్లుంటారు. మేము అలా అనుకోవడం లేదు. ఒక మనిషి తన నేలను వేషంలో కాకుండా పనిలో చూపించవచ్చు. కృష్ణారెడ్డికి దక్కిన ఈ వెసులుబాటు మన పిల్లలకు ఎందుకు దక్కడం లేదన్నదే మా ప్రశ్న.

ఇంకో సంగతి కూడా చూద్దాం. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచినప్పుడు దాని కళా విభాగాన్ని చిత్రకారుడు జె. స్వామినాథన్ తీర్చిదిద్దాడు. ఆదివాసీ చిత్రాలనూ నగర చిత్రాలనూ ఒకే కప్పు కింద సమానంగా పెట్టిన మంచి పని ఆయనది. ఆ తర్వాత ఆయన కాన్వాసులే మారాయి. మట్టి రంగులు, గరుకు పూత, గోడ మీది గుర్తుల్లాంటి గీతలు వచ్చాయి. ఆయన ఆ రుణాన్ని దాచుకోలేదు. కానీ లోకం చూపు మారలేదు. ఆ గీత గూడెం గోడ మీద ఉంటే ఆదివాసీ గుర్తు అన్నారు, ఆయన కాన్వాసు మీద ఉంటే ఆధునిక నైరూప్యం అన్నారు. గీత అదే, అర మారింది.

ఆ అరను దాటిన ఒక ఆదివాసీ ముసలమ్మ ఉంది. ఆస్ట్రేలియా నడిబొడ్డున యుటోపియా అనే చోట బతికిన ఎమిలీ కామె ఉంగ్వారె. 1977 నుంచి తోటి ఆడవాళ్లతో కలిసి బట్టల మీద మైనపు అద్దకం చేసేది. 1988-89 ఎండాకాలంలో అక్కడి ఆడవాళ్లకు కాన్వాసులు, రంగులు పంచారు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. ఆ ఒక్క ఏడాది ఆమె చేతిని మార్చేసింది. చుక్క మీద చుక్క, పొర మీద పొర, వెడల్పు గీతలు. 1996లో చనిపోయేలోపు దాదాపు 3,000 కాన్వాసులు వేసిందని అంచనా. 1994లో వేసిన ఒక పెద్ద చిత్రం 2017లో 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పలికింది.

విమర్శకులు ఆమెను గొప్ప నైరూప్య చిత్రకారిణి అన్నారు. ఆమెకు మాత్రం అది తన నేల. కామె అనే పేరు ఆ నేలలో పెరిగే ఒక దుంప విత్తనానిది. ఆ గీతలు పూజల్లో ఆడవాళ్లు ఒంటి మీద గీసుకునే గీతలు. భూమి లోపల దుంప వేర్లు పాకే దారి ఆ కాన్వాసు మీద ఉంది. నైరూప్యం అన్నది చూసేవాళ్లు పెట్టిన పేరు. వేసే చేతికి అది కళ్ల ముందున్న నిజం కావచ్చు. చేదు కూడా చెప్పాలి. ఆమె చిత్రాల మీద వ్యాపారులు బాగా సంపాదించారు, ఇంకా వేయమని ఆమె వెంట పడ్డారు. బజారు మన బొమ్మను మెచ్చుకున్నంత మాత్రాన మన మనిషిని గౌరవించినట్టు కాదు.

ఇదంతా చదివి మన పిల్లలు రేపటి నుంచి కాన్వాసు మీద ఇసుక చల్లితే చాలని మేము చెప్పడం లేదు. అది కోకాపేట గోడకే దారి తీస్తుంది. బొమ్మలు వేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఒకటే. ఒక ఏడాది పోలిక బొమ్మలు పక్కన పెట్టండి. అమ్మ అలికే మట్టి, తాత చెక్కే డోలు కర్ర, పోడు కాల్చాక మిగిలిన బూడిద, ఇప్పచెట్టు బెరడు, వీటి మీద చేయి పెట్టి పని చేయండి. టవర్లలో లప్పం పట్టే అన్నలారా, మీ చేతికి వచ్చిన ఆ తాపీ పని తక్కువ విద్య కాదు. డబ్బా మీది నమూనా వదిలేసి, సెలవు రోజున ఒక అట్టముక్క మీద మీ ఊరి గోడను పట్టుకోండి.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లకు ఒక విన్నపం. పిల్ల ఒక కాగితం నిండా గీకి, పూసి, చించి అతికించి తెస్తే ‘ఇది దేని బొమ్మ?’ అని అడగకండి. ‘దీన్ని ఎట్లా చేశావు? ఈ గరుకు నీకు ఎక్కడ దొరికింది?’ అని అడగండి. ఆ పిల్ల చెప్పే జవాబులో ఒక వాగు ఉంటుంది, ఒక గోడ ఉంటుంది, ఎవరిదో చేయి ఉంటుంది. ఆ జవాబును నోటుబుక్కులో రాయించండి, బొమ్మ కింద ఆ పిల్ల పేరు రాయించండి. మన విమర్శకు అక్షరాభ్యాసం అక్కడే జరుగుతుంది.