కొనని రైతుకూ ఓ లెక్కుంది

2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్, బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి కొత్తరకం బీమా తెచ్చాయి. నష్టం చూడటానికి ఎవరూ చేలోకి రానక్కర్లేదు. వర్షమాపక కేంద్రంలో వాన ఫలానా హద్దుకు తగ్గినట్టు తేలితే చాలు, పరిహారం అందుతుంది. వేరుశనగ, ఆముదం వేసే మెట్ట రైతుకు ఇంతకన్నా ఏం కావాలి? అయినా కొన్నవాళ్లు కొద్దిమందే. వాళ్లలోనూ ఎక్కువమంది ఒక్క పాలసీతో సరిపెట్టుకున్నారు.

నష్టానికి జంకేవాడే ముందుగా బీమా కొంటాడన్నది గిరాకీ అంచనా కట్టేవాళ్ల పాత సూత్రం. ఆర్థికవేత్తలు జేవియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఆరా తీస్తే అది తిరగబడింది. ఎక్కువ జంకేవాళ్లే దూరంగా ఉండిపోయారు.

రైతుకు అవగాహన లేదని తేల్చేయడం అన్యాయం. వాన 100 మిల్లీమీటర్లకు ఎంత తగ్గితే, మిల్లీమీటరుకు పది రూపాయల చొప్పున అంత ఇచ్చే పాలసీ ఒకటుందనుకుందాం. కేంద్రంలో 60 నమోదైతే 400 రూపాయలు వస్తాయి. కేంద్రంలో 105 పడి, రైతు ఊళ్లో 40తోనే ఆగిపోతే? పంటా పోయింది, కట్టిన ప్రీమియమూ పోయింది. ఆ ఏడాది అసలు బీమా కొనని పొరుగువాడే కాస్త నయం. ఈ ముప్పు ఉన్నప్పుడు బాగా జాగ్రత్తపరుడు కొనకపోవడమే సబబని ఆర్థికవేత్త డేనియల్ క్లార్క్ 2016లో గణితంతో చూపించారు.

ధర తగ్గిస్తే గిరాకీ కొంత పెరుగుతుంది. అయితే కథంతా ధరలోనే లేదు.

2006లో ఇవే జిల్లాల్లో చేసిన ప్రయోగంలో కొన్ని కుటుంబాలకు 25 రూపాయలు, కొన్నింటికి ఒక పాలసీకి సరిపడా 100 రూపాయలు ఇచ్చారు. వంద అందినచోట కొనుగోళ్లు రెట్టింపు దాటాయి. విత్తనాలకూ ఎరువులకూ అప్పు వెతుక్కునే జూన్‌లో ప్రీమియం అడిగితే చేతిలో ఏముంటుంది? బీమా గురించి చెప్పడానికి వచ్చినవాడి వెంట ఊరికి తెలిసిన బేసిక్స్ మనిషి వచ్చి, ఇతను చెప్పేది నమ్మవచ్చంటే కూడా గిరాకీ పెరిగింది. కెన్యాలో చెరకు రైతులకు ప్రీమియాన్ని ముందే కట్టమంటే 5 శాతం మందే తీసుకున్నారు. కోతల డబ్బులోంచి మినహాయించుకుంటామంటే 72 శాతం మంది ఒప్పుకున్నారు.

వాతావరణ బీమా పథకాలకు గిరాకీ లెక్కగట్టే అధికారులూ కంపెనీలూ ధర, ఆదాయం దగ్గరే ఆగకూడదు. వర్షమాపక కేంద్రం ఆ చేనుకు ఎంత దూరం, ప్రీమియం అడిగే నెలలో రైతు చేతిలో డబ్బెంత, హామీ పలికే మనిషి ఎవరు అన్నవీ లెక్కలోకి రావాలి. అవి లేని అంచనాతో రైతును తప్పుపట్టవద్దు.