శ్రీముఖలింగ ఆలయాలు: శాసనం, స్థలపురాణం, శైలీనామం – విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమగట్టున ఉన్న శ్రీముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. యాత్రారచనలు దీనిని అరసవల్లి, శ్రీకూర్మాలతో కలిపి ఒకరోజు దర్శనక్షేత్రంగా పరిచయం చేస్తాయి. కళాచరిత్ర రచనలు ‘కళింగ శైలి’ ఆలయంగా వర్గీకరిస్తాయి. మొదటి పఠనం స్థలపురాణం వద్ద, రెండవది శైలీనామం వద్ద ఆగిపోతుంది. ఈ రెండింటి పరిమితులను శాసనాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కళింగనగర నిర్ధారణ

కళింగనగరం సముద్రతీరంలోని కళింగపట్నమని తొలినాళ్ళలో కొందరు పరిశోధకులు భావించారు. అది ముఖలింగమేనని వాదించినవారు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటిలో ఆయన పరిష్కరించి ప్రకటించారు. వ్యావహారిక భాషోద్యమ చరిత్రలు ఈ కృషిని తరచు ఉపోద్ఘాతప్రాయంగా ప్రస్తావించి విడిచిపెడతాయి. అది సరికాదు. ఊహకన్నా లిఖిత ప్రయోగానికి విలువనిచ్చే పద్ధతి ఆయన భాషావాదానికి ముందే శాసన పరిశోధనలో కనిపిస్తుంది.

3. ఇప్పచెట్టు: రెండు కథనాలు

అనంతవర్మ చోడగంగదేవుని శక సంవత్సరం 1040 (క్రీ.శ. 1118) నాటి విశాఖపట్నం తామ్రశాసనం ప్రకారం, రెండవ కామార్ణవుడు ‘నగరం’లో ఉన్నతమైన శివాలయం కట్టించాడు. మధూక వృక్షంతో సంబంధం వల్ల ఆ లింగానికి మధుకేశుడని పేరు వచ్చింది. మధూకమంటే ఇప్ప. స్థలపురాణంలో ఇప్పపూల కోసం ఒక శబర నాయకుని ఇద్దరు భార్యలు తగవు పడగా, అతడు చెట్టును నరుకుతాడు. అప్పుడు శివుడు సాక్షాత్కరిస్తాడు.

రెండు కథనాలలోనూ చెట్టు ఉంది, కర్త మారాడు. ప్రశస్తిలో రాజు తప్ప అడవిజనం లేరు. స్థలపురాణం వారిని కథ నడిపే స్థానంలో నిలిపింది. కనుక స్థలపురాణాన్ని కట్టుకథగా తోసిపుచ్చితే, రాజప్రశస్తి విడిచిన సామాజిక స్మృతి కూడా పోతుంది. అయితే దీనిని బట్టి ఈ ఆలయం మొదట శబరులదేనని తీర్మానించడమూ తొందరపాటే. ప్రశస్తి సైతం కామార్ణవుని కాలానికి ఎంతో తరువాత రచించినదే. రెండింటినీ స్మృతినిర్మాణాలుగా సరిపోల్చడం ఉచితమైన మార్గం.

4. శైలీనామం పరిమితి

మధుకేశ్వరాలయంలో గర్భగుడిపై రేఖాశిఖరం, దాని ముందు చదునైన కప్పుగల దీర్ఘచతురస్ర మండపం, మూలల్లో ఉపాలయాలు ఉన్నాయి. భువనేశ్వర్‌లోని పరశురామేశ్వరాలయ మండపం దీనితో పోల్చదగినది. సోమేశ్వరాలయం మండపం లేకుండా, గర్భగుడి, శిఖరాలతో నిలిచి ఉంది. ఈ పోలికల ఆధారంగా ముఖలింగాన్ని భువనేశ్వర్‌కు దక్షిణ శాఖగా మాత్రమే చూడటం పరిపాటి. వాస్తుసంబంధం కాదనలేనిది. కాని రాజకీయ చరిత్ర ఎదురు దిశలో సాగింది. 1078లో పట్టాభిషిక్తుడైన చోడగంగు ఇక్కడినుంచే ఉత్కళం వైపు విస్తరించాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నదీ ఆయనే. పైగా ముఖలింగ శాసనాలలో తెలుగు లిపి, తెలుగు భాష విస్తారంగా కనిపిస్తాయి. శిఖరాన్ని మాత్రమే చూసేవారికి ఈ సాక్ష్యం అందదు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, ముఖలింగం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. పర్లాకిమిడిలో దశాబ్దాలు గడిపిన గిడుగు నిరసనగా రాజమహేంద్రవరం తరలివచ్చారు. నాటి సరిహద్దును మధ్యయుగ కళింగానికి ఆపాదించినప్పుడే ఆలయం ‘ఆంధ్రులదా, ఒడియాలదా’ అనే అసంగతమైన ప్రశ్న పుడుతుంది.

5. ముగింపు

శాసనం రాజును, స్థలపురాణం సమాజాన్ని, శిల్పం వాస్తుసంబంధాలను తెలుపుతాయి. ఏ ఒక్కటీ తక్కిన రెండింటికి ప్రత్యామ్నాయం కాదు. ఉత్తరాంధ్ర ఆలయాలపై జరిగే తెలుగు పరిశోధన గోడమీది శాసనంతోపాటు గుడి చుట్టూ వినిపించే కథనూ, నదికి ఎగువనున్న ఒడిశా క్షేత్రాలనూ కలిపి చదివినప్పుడే కళింగనగర చరిత్ర సమగ్రమవుతుంది.