పిసినారి నవాబు కథలు – ఒక పరిశీలన

వింత మనుష్యుల యథార్థగాథ లనగా చెవి యొగ్గని వారుండరు. కల్పితకథలోని పిసినారిని చూచి నవ్వుట యొకటి; ఆ పిసినారి నిజముగా బ్రతికినవాడనియు, మన తాతతండ్రులు అతని ప్రజలనియు ఎరిగి నవ్వుట మరియొకటి. బీదరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానును గూర్చి ఒక్క కథయైనను విననివారు అరుదు. 1956 నవంబరు 1వ తేదీన ఈ జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినను, మన యిండ్లలో చెప్పుకొను కథలు మాత్రము హైదరాబాదు కథలుగనే నిలిచిపోయినవి.

వీనిని లోకమంతట చాటిన గ్రంథము 1975లో వెలువడిన ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’. లారీ కాలిన్స్, డొమినిక్ లాపియర్ అను పాత్రికేయు లిరువురు దీని కర్తలు. అందలి నిజాము అతిథులు కాల్చి విడిచిన సిగరెట్టు ముక్కలను ఏరి కాల్చును. నజరుగా చూపిన బంగారు నాణెమును తాకి తిరిగి యిచ్చుట రాజమర్యాద కాగా, ఆయన దానిని చప్పున లాగుకొని కాగితపు సంచిలో వేసికొనును. తోటలో బంగారు కడ్డీల బరువునకు లారీలు నేల కూరుకొనిపోవును. నేలమాళిగలోని నోట్ల కట్టలను ఎలుకలు కొరుకును. వ్రాతలో వేగమున్నది, ఒక్కొక్క వాక్యము కన్నులయెదుట బొమ్మ కట్టును. చదువుచున్నంతసేపు మేమును నవ్వితిమి.

అయినను మేము చిట్టాలు, ఆవర్జాలు వ్రాసి తల నెరసినవారము. జమ కనబడగానే ఇది ఎచ్చటినుండి వచ్చినదని అడుగుట మా కలవాటు. లారీలోని బంగారమును వర్ణించువారు అది ఎవరి పొలమునుండి వచ్చినదో చెప్పరు. సర్ఫేఖాస్ అను పేర రాజ్యములో విస్తారమైన భూముల శిస్తు ప్రభుత్వ ఖజానాకు గాక నిజాము సొంత ఖజానాకు పోయెడిది. 1949లో గాని అది దివానీలో కలియలేదు. రైతు కట్టిన శిస్తు కథ నవ్వు పుట్టింపదు. కనుక కథకులు దాని జోలికి పోరు.

తండ్రీకొడుకుల కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన సంగతి మరింత తేటపడును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఒకసారి తొడిగిన దుస్తులను మరల తొడుగడని ప్రసిద్ధి. పురానీహవేలీలోని ఆయన దుస్తుల బీరువాల వరుస చూచినవారు నోరు తెరువవలసినదే. కొడుకో, మాసిన కుచ్చుటోపీ నొకదానినే ఏండ్లతరబడి పెట్టుకొనెనని చెప్పుదురు. ఇరువురివియు వింతలే, ఇరువురివియు ఒక ఖజానానుండి నడచినవే. కాని తండ్రిది ఔదార్యమైనది, కొడుకుది లోభమైనది. తండ్రి పేరు తలచిన పాము విషము దిగునని సైతము జనులు నమ్మిరి. జాకబ్ వజ్రమును తండ్రి 1891లో కొన బూనగా ఆ బేరము కలకత్తా న్యాయస్థానమున కెక్కినది. అదే వజ్రము తండ్రి చెప్పు మొనలో దొరకగా కొడుకు కాగితములపై బరువుగా వాడుకొనెనట. దాని తూకము 184.75 క్యారట్లు. 1995లో భారత ప్రభుత్వము నిజాము నగలతోపాటు దానిని కొన్నది. మా దృష్టిలో వజ్రము కొనుటకంటె దానితో కాగితము లదుముకొనుట చౌకైన పిచ్చి.

పిసినారి కథకు ఎదురుగా దాతృత్వపు కథయు ఒకటి గలదు. 1965లో దేశరక్షణకు నిజాము 5,000 కిలోల బంగారము దానమిచ్చి, పెట్టెలు మాత్రము తిరిగి పంపుడనెనని నేటికిని సభలలో చెప్పుదురు. ఆయన ఆ యేట జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టినది 425 కిలోలు. వడ్డీ నూటికి 6.5 వంతున. అది దానము కాదు, పిసినిగొట్టుతనమును కాదు. జాగ్రత్త గల మదుపు. రెండు వర్గముల కథకులకును ఈ లెక్క రుచింపదు. ఎలిజబెత్ రాకుమారి వివాహమునకు 1947లో కార్టియర్ దుకాణమున కోరిన వజ్రాభరణము లెంచుకొమ్మన్న ఉస్మాన్ అలీఖానును, మన మంజీరా నదికి 1931 నాటికి నిజాంసాగరు కట్టించిన ఉస్మాన్ అలీఖానును సిగరెట్టు ముక్కల కథలో ఇముడ్చుట కష్టము. అందుచేత వారిని వెలుపలనే నిలిపిరి.

మాకు మిక్కిలి కొరుకుడుపడని అంశ మింకొకటి గలదు. పరిహాసపాత్రుడైన వానిని ఎవరును సంజాయిషీ అడుగరు. ఆ మాసిన టోపీ మనిషియే 1947 జూనులో స్వతంత్రముగ నుండునట్లు ఫర్మానా ఇచ్చెను. లాతూరు వకీలు కాసిం రజ్వీ దండును అదుపుచేయక విడిచెను. 1948 మే నెలలో మన జిల్లా గోరటలో రజాకార్లు జరిపిన హత్యాకాండను ఇచ్చటి పెద్దలు ఇప్పటికిని గద్గదకంఠముతో చెప్పుదురు. సెప్టెంబరులో సైన్యము వచ్చిన పిమ్మట పగ తిరుగుముఖము పట్టి ముస్లిము గృహములపై పడినది. విచారణకు వచ్చిన పండిత సుందర్‌లాల్ సంఘము ఎక్కువ నష్టపోయిన జిల్లాలుగా ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడులతోపాటు బీదరును పేర్కొన్నది. వారి లెక్కలో మృతులు తక్కువలో తక్కువ 27,000 మంది. ఆ నివేదిక దశాబ్దములు వెలుగు చూడలేదు. సిగరెట్టు ముక్కల కథ మాత్రము ఏటేట ఏదో యొక పత్రికలో అచ్చగుచునే యున్నది.